ఆరు నెలలు తాళం వేసిన ఇంటికి తిరిగొస్తున్నారా?

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళే పెద్దవాళ్ళలో చాలామంది ఏప్రిల్, మే నెలల్లో బయల్దేరతారు. విజిటర్ వీసా మీద మామూలుగా ఆరు నెలల గడువు ఇస్తారు కాబట్టి తిరిగొచ్చేసరికి అక్టోబరో, నవంబరో అవుతుంది. ఎండలు తప్పాయన్న సంతోషం మనకి ఉంటుంది గానీ, ఇంటికి మాత్రం ఇంతకన్నా చెడ్డ కాలం లేదు. వానాకాలమంతా కిటికీలు బిగించి ఉంటుంది. కోస్తాలో అయితే పైనుంచి తుఫాన్ల రోజులు. చెదకీ, బూజుకీ, ఎలుకకీ కావలసింది తేమ, మనిషి అలికిడి లేకపోవడం. ఆ రెండూ నెలల తరబడి దొరుకుతాయి.

అయినా పెద్ద నష్టాల్లో కొన్ని ఇల్లు మూసి ఉన్నప్పుడు జరగవు, తెరిచిన రోజు తొందరలో జరుగుతాయి. నీళ్ళు లేని గీజరు వేయడం, బిగుసుకుపోయిన మోటారు స్విచ్చి వేసి మర్చిపోవడం, గ్యాసు నిండిన వంటింట్లో లైటు నొక్కడం ఈ కోవలోవే. అందుకని ఏ పని ముందు, ఏది తర్వాత అన్న వరసతోనే ఇక్కడ చెబుతున్నాం.

విమానం ఎక్కకముందు

హైదరాబాదు వచ్చే విమానాలు చాలావరకు అర్ధరాత్రికో తెల్లవారుజాముకో దిగుతాయి. ఇరవై గంటల ప్రయాణం తర్వాత నిద్రమత్తులో, చీకట్లో, నాలుగు పెట్టెలతో మూసి ఉన్న ఇంటి తాళం తీయడం అన్ని విధాలా చెడ్డ ఆలోచన. రెండు దారులున్నాయి. తాళంచెవి ఉన్న బంధువో, పక్కింటివాళ్ళో మూడు రోజుల ముందు ఇల్లు తెరిచి, కింద చెప్పిన గ్యాసు, కరెంటు, నీళ్ళ పనులు చేయించాలి. అది కుదరకపోతే మొదటి రాత్రి ఇంకెవరింట్లోనైనా పడుకుని, పగటి వెలుతురులో వెళ్ళాలి. మూడు రోజులు ఎందుకంటే, ట్యాంకు కడగడానికి ఒక రోజు, ప్లంబరో ఎలక్ట్రీషియనో రావడానికి ఒక రోజు, గాలి ఆడటానికి ఒక రోజు.

చేతి సంచీలో ఇవి ఉంచుకోండి: టార్చి, రెండు ఎన్95 మాస్కులు, రబ్బరు చేతి తొడుగులు, వారానికి సరిపడా మందులు, నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు. పెద్ద పెట్టెల్లో వేస్తే అవసరమైనప్పుడు దొరకవు.

వానలకి ఉబ్బిన తలుపు అంత సులువుగా రాదు. తాళం తిరగకపోతే కొబ్బరినూనె పోయకండి, దుమ్ముతో కలిసి జిగురై ఇంకా బిగుస్తుంది. పెన్సిల్ ములుకు గీకిన నల్లపొడి తాళంచెవికి రాసి నాలుగుసార్లు ఆడిస్తే చాలాసార్లు తిరుగుతుంది.

మొదటి పది నిమిషాలు: ముక్కు, ఆ తర్వాతే స్విచ్చి

తలుపు తీసి గుమ్మంలోనే నిలబడి వాసన చూడండి. మాగిన వాసన, మురుగు వాసన ఎలాగూ ఉంటాయి. వెతకాల్సింది గ్యాసు వాసన. సిలిండరు కట్టేసి వెళ్ళినా, ఎలుకలు రబ్బరు గొట్టాన్ని కొరకవచ్చు, వాల్వులోని రబ్బరు వాషరు ఎండిపోవచ్చు. ఈ గ్యాసు గాలికన్నా బరువు, నేల మట్టాన పేరుకుంటుంది. ఏమాత్రం అనుమానం కలిగినా ఒక్క స్విచ్చీ ముట్టకండి. వేయడమే కాదు, ఆపడం కూడా వద్దు. ఎగ్జాస్ట్ ఫ్యాను అసలే వద్దు. కిటికీలు, తలుపులు బార్లా తీసి, రెగ్యులేటరు కట్టేసి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి. అది దేశమంతటా పనిచేసే గ్యాసు లీకు నంబరు.

వాసన లేకపోతే కిటికీలన్నీ తీసి అరగంట బయట కూర్చోండి. ఆ తర్వాత టార్చి వెలుతురులోనే ఇల్లంతా ఒకసారి తిరగండి. తోట, పెరడు ఉన్న ఇల్లయితే చెప్పులు వేసుకునే నడవండి. బట్టల మూట, పాత బూటు, తలుపు చాటున చుట్టి పెట్టిన చాప, ఇలాంటివేవీ చేత్తో ఎత్తొద్దు, ముందు కర్రతో కదపండి. తేళ్ళు, జెర్రులు దాక్కునేవి అక్కడే. కట్లపాము రాత్రి ఇంట్లోకి వస్తుంది, కాటు పెద్దగా నొప్పి పెట్టదు కాబట్టి ఏదో పురుగు కుట్టిందనుకుని పడుకునే ప్రమాదం ఉంది. అనుమానం ఉంటే కోయడాలు, కట్లు కట్టడాలు వద్దు, 108 పిలిచి పెద్దాసుపత్రికి వెళ్ళడమే.

గ్యాసు పొయ్యి వెలిగించే ముందు గొట్టం పొడవునా చూడండి. దాని మీద గడువు తేదీ అచ్చయి ఉంటుంది. అయిదేళ్ళు దాటితే మార్చేయాలి. రెగ్యులేటరు పెట్టి, అతుకులన్నిటి మీదా సబ్బునురగ రాయండి. బుడగలు లేస్తే లీకే.

కరెంటు

వెళ్ళేటప్పుడు మెయిన్ ఆపేసి ఉంటే మంచి పనే చేశారు. ఇప్పుడు దాన్ని ఒక్కసారిగా వేయకండి. ముందు బోర్డులోని చిన్న ఎంసీబీలన్నీ (ఒక్కో లైనుకి ఉండే స్విచ్చిలు) దించేయండి. మెయిన్ వేసి, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్చి) ఎత్తండి. తర్వాత ఎంసీబీలు ఒక్కొక్కటే ఎత్తుతూ, మధ్యలో నిమిషం ఆగండి. ఏది ఎత్తినప్పుడు ఆర్‌సీసీబీ పడిపోయిందో ఆ లైనులోనే లోపం. వానాకాలం తర్వాత సాధారణంగా దొరికే దొంగలు ముగ్గురు: గేటు మీద లైటు, డాబా మీద బల్బు, గీజరు. ఆ ఒక్క లైను వదిలేసి మిగతా ఇల్లు నడుపుకోవచ్చు, ఎలక్ట్రీషియన్ తర్వాత వస్తాడు. పడిపోతోందని ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్టుగా కలిపే ‘తెలివైన’ మేస్త్రీలు ఉంటారు, వాళ్ళని ఒప్పుకోకండి. 30 మిల్లీఆంపియర్ల లీకుకే పడిపోయి ప్రాణం కాపాడటానికే ఆ పరికరం ఉంది. అన్నీ అయ్యాక దాని మీది టెస్ట్ బటన్ ఒకసారి నొక్కండి, పడిపోవాలి. పడకపోతే అది చచ్చిందని అర్థం.

ప్లగ్గు రంధ్రాల్లో కందిరీగలు మట్టిగూళ్ళు కడతాయి. మట్టి కనిపిస్తే ఆ లైను ఆపి తుడవండి. ఏసీ వేసే ముందు బయటి యూనిట్టులో పావురం గూడు ఉందేమో చూసి, లోపలి జాలీలు కడిగి ఆరబెట్టాలి.

ఇన్వర్టరు బ్యాటరీ సంగతి వేరు. వాడకపోయినా లెడ్ యాసిడ్ బ్యాటరీ రోజూ కొంత చార్జి పోగొట్టుకుంటుంది, ఎండ వేడికి ఇంకా ఎక్కువ. ఖాళీగా ఉండిపోతే పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్ళీ చార్జి పట్టదు. మల్టీమీటరు ఉంటే కొలవండి. 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12 దగ్గర ఉంటే దాదాపు అడుగంటినట్టు. 11 కంటే తక్కువ చూపిస్తే ఆశ తక్కువే. నీటి మట్టం పలకలకన్నా దిగితే పలకలు మునిగేవరకే డిస్టిల్డ్ వాటర్ పోసి, రాత్రంతా చార్జింగు పెట్టి, తర్వాత గుర్తు దాకా నింపండి. ముందే నిండా పోస్తే చార్జయ్యేటప్పుడు పొంగి యాసిడ్ కారుతుంది. కుళాయి నీళ్ళు, ఆర్‌ఓ నీళ్ళు వద్దు. చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆ గది తలుపు తీసే ఉంచాలి, దగ్గర్లో అగరొత్తి కూడా వెలిగించకూడదు.

నీళ్ళు: ఎక్కువ శ్రమ ఇక్కడే

బాత్రూములో మురుగు వాసన వస్తోందంటే పైపు పగిలిందని కంగారు పడకండి. నహానీ ట్రాపుల్లో (బాత్రూము నేల జాలీ కింది గిన్నెల్లో), సింకు కింది వంపులో ఎప్పుడూ రెండంగుళాల మేర నీళ్ళు నిలిచి, మురుగు గాలినీ బొద్దింకలనీ ఆపుతాయి. ఆ నీళ్ళు ఎండిపోయాయి, అంతే. ప్రతి కన్నంలో రెండు చెంబుల నీళ్ళు పోయండి, వాసన గంటలో పోతుంది. మళ్ళీ ఊరెళ్ళేటప్పుడు ఆ నీళ్ళ మీద రెండు చెంచాల వంటనూనె పోస్తే ఆవిరవడం బాగా తగ్గుతుంది.

ట్యాంకు, సంపు నీళ్ళు ఎంత తేటగా కనిపించినా వాడొద్దు. మున్సిపాలిటీ నీళ్ళలో క్లోరిన్ ఎప్పుడో ఎగిరిపోయింది. అడుగున ఒండ్రు, గోడలకి పాచి ఉంటాయి, బల్లి పడి ఉంటే అదీ ఉంటుంది. వరస ఇలా:

అడుగు వాల్వు తీసి ట్యాంకు ఖాళీ చేయండి. గట్టి ప్లాస్టిక్ బ్రష్షుతో గోడలు రుద్ది, ఒండ్రు తీసి, ఒకసారి కడిగి వదిలేయండి. మళ్ళీ నింపండి. 1000 లీటర్లకి 150 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ లెక్కన, ముందు బకెట్ నీళ్ళలో కలిపి, సున్నం అడుగుకి దిగాక పైతేటని మాత్రమే ట్యాంకులో పోయండి. ఇంట్లో ప్రతి కుళాయీ క్లోరిన్ వాసన వచ్చేదాకా తిప్పి కట్టేయండి. కనీసం నాలుగు గంటలు, కుదిరితే రాత్రంతా ఉంచి, మొత్తం వదిలేసి తాజా నీళ్ళు నింపుకోండి. ఈ నీళ్ళు తాగకూడదు, మొక్కలకీ పోయకూడదు. పౌడరు పాతబడి ముద్ద కట్టి ఉంటే అందులో క్లోరిన్ మిగిలి ఉండదు, దాంతో చేసిన శ్రమ వృథా. బాత్రూము యాసిడ్‌తో దీన్ని కలిపితే విషవాయువు వస్తుంది కాబట్టి ఒకే రోజు రెండూ ముట్టకపోవడం మంచిది.

సంపులోకి మనిషి దిగే పని ఉంటే మూత తీసి చాలాసేపు గాలి ఆడనివ్వండి. మోటారు ప్లగ్గు పీకేయండి. పైన ఒకరు కాపలా లేకుండా ఎవరినీ దింపొద్దు. లోపల గాలి చాలక ప్రాణాలు పోతాయి, కాపాడదామని దిగిన రెండోవాళ్ళూ పోతారు.

మోటారు వేసే ముందు వెనక ఫ్యాను మూత తీసి షాఫ్టుని చేత్తో తిప్పి చూడండి. తుప్పుకి బిగుసుకుని ఉంటే స్విచ్చి వేసినప్పుడు ‘హూం’ మని మూలిగి తిరగదు. అలా మూలిగితే వెంటనే ఆపకపోతే వైండింగు కాలిపోతుంది. తిరుగుతున్నా నీళ్ళు రాకపోతే పంపులో నిలిచి ఉండాల్సిన నీళ్ళు (ప్రైమింగు) పోయాయన్నమాట, గరాటు పెట్టి నీళ్ళు నింపాలి. బోరులో మునిగి ఉండే సబ్‌మెర్సిబుల్ మోటారు అయితే చేత్తో తిప్పే వీలు లేదు, స్టార్టరు ఆంపియర్లు చూడగలిగే మనిషిని పిలవండి.

కుళాయిల చివర జాలీలు విప్పాకే మొదటిసారి తిప్పండి, లేకపోతే తుప్పు రజను వాటిలో ఇరుక్కుంటుంది. వేడినీళ్ళ కుళాయిలో గాలి చప్పుడు ఆగి ధార నిలకడగా వచ్చేదాకా గీజరు స్విచ్చి జోలికి వెళ్ళకండి. ఖాళీ గీజరు వేస్తే ఎలిమెంటు నిమిషాల్లో మాడుతుంది. వేశాక 60 డిగ్రీల దాకా కాగనిచ్చి, షవరు తిప్పేసి మీరు బాత్రూము బయట నిలబడండి, కొన్ని నిమిషాలు పారనివ్వండి. నెలల తరబడి పైపులో నిలిచిన నీళ్ళలో లెజియొనెల్లా అనే బాక్టీరియా పెరగవచ్చు. ఆ తుంపరలు పీలిస్తే న్యుమోనియా వచ్చే అవకాశం ఉంది, అరవై దాటినవాళ్ళకి ముప్పు ఎక్కువ.

ఆర్‌ఓ మెషీన్ ట్యాంకులోని నీళ్ళు పారబోసి, సెడిమెంట్, కార్బన్ క్యాండిళ్ళు రెండూ మార్పించండి. మెంబ్రేను (లోపలి సన్నని వడపోత పొర) బాగుందో లేదో నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు చెబుతుంది. మార్చాక మొదటి రెండు ట్యాంకుల నీళ్ళు గిన్నెలు కడగడానికే. అందాకా తెర్ల కాగిన నీళ్ళే తాగాలి. బాగా మరిగాక ఒక్క నిమిషం చాలు.

ఎండిన తొట్టిలో దోమ గుడ్లు

ఎవరూ లేని ఇంట్లో దోమలు ఏం పెరుగుతాయనుకుంటాం. డెంగీ దోమ గుడ్లు పెట్టేది నీళ్ళ మీద కాదు, నీటి అంచున తడి గోడకి. నీళ్ళు ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి. మీరు వచ్చి కూలర్లోనో, పూలకుండీ పళ్ళెంలోనో నీళ్ళు పోసిన రోజు అవి పొదుగుతాయి, వారం పది రోజుల్లో దోమలవుతాయి. అందుకే ఎండిపోయిన తొట్టెలో సరాసరి నీళ్ళు పోయొద్దు. లోపలి గోడలు, ముఖ్యంగా నీటి చార ఉన్న చోటు, గట్టి బ్రష్షుతో రుద్ది కడిగాకే నింపండి. ఫ్రిజ్ వెనక కింది పళ్ళెం, డాబా మీద పడేసిన పెయింటు డబ్బాలు, కొబ్బరి చిప్పలు కూడా చూడండి.

బూజు, ఎలుక, చెద

పొడి చీపురుతో మొదలుపెట్టడమే అందరూ చేసే పొరపాటు. బూజు రేణువులు, ఎలుక పెంటికల దుమ్ము గాల్లోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, పెంటికల మీద లీటరు నీళ్ళకి ఒక టేబుల్ స్పూను బ్లీచింగ్ పౌడర్ కలిపిన తేట చల్లి అయిదు నిమిషాలు ఆగి, కాగితంతో ఎత్తేయండి. గోడల బూజుని సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి, ఫ్యాను వేసి ఆరనివ్వండి. వారం తిరగకుండానే అదే చోట మళ్ళీ వస్తే అది గాలి లేక వచ్చిన బూజు కాదు, గోడ వెనక నీటి కారుడు ఉంది. సున్నం వేసి కప్పేస్తే డబ్బు దండగ.

పరుపులు, దిళ్ళు, చెక్క సామాను వరసగా రెండు మూడు పగళ్ళు ఎండలో వేయాలి. పట్టుచీరలని మాత్రం ఎండలో కాదు, నీడలో గాలికి ఆరేయండి. తర్వాత పాత మడతల మీద కాకుండా కొత్త మడతలు పెట్టండి. ఒకే మడత మీద నెలలు ఉంటే జరీ అక్కడే చిట్లుతుంది. కలరా ఉండలు జరీకి తగిలితే నల్లబడుతుంది, గుడ్డలో మూటకట్టి మూలన పెట్టాలి.

చెద కోసం చూడాల్సిన చోట్లు: ద్వారబంధాల అడుగు, గోడకి ఆనిన బీరువా వెనక చెక్క, పుస్తకాల అరలో అన్నిటికన్నా కింది వరస, క్యాలెండరు వెనక గోడ. వేలితో కొడితే డొల్ల చప్పుడు వస్తుంది. మట్టి దారులు కనబడగానే అన్నీ గీకి, కిరసనాయిలు కొట్టి శుభ్రం చేసేయాలనిపిస్తుంది. అలా చేస్తే పైకి కనిపించేవే చస్తాయి, పుట్ట నేలలో క్షేమంగా ఉండి ఇంకో దారి వేస్తుంది. ఫోటోలు తీసి పెట్టి, ఒకచోట అంగుళం మేర మాత్రం చిదిపి చూడండి. తెల్ల పురుగులు కనిపించినా, రెండు మూడు రోజుల్లో ఆ కంత మళ్ళీ పూడిపోయినా అవి బతికే ఉన్నట్టు. పెస్ట్ కంట్రోల్ మనిషి గోడా నేలా కలిసే చోట అడుగుకొకటి చొప్పున 12 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి మందు ఎక్కించాలి. ఇమిడాక్లోప్రిడ్ అనే చెదమందు అయితే 0.075 శాతం పలుచన వాడతారు. ఊరికే గోడ మీద పిచికారీ చేసి పోతానంటే ఆ బేరం వద్దు. మందు వేసిన రాత్రి వేరేచోట పడుకోండి.

వంటిల్లు

ముక్కపురుగు పట్టిన బియ్యం ఎండబెట్టి చెరిగితే పనికొస్తాయి. బూజు పట్టిన పల్లీలు మాత్రం వేయించినా తినకూడదు, అందులోని అఫ్లటాక్సిన్ మన వంట వేడికి పోదు. మక్కు వాసన వేసే నూనె దీపానికి కూడా దండగే. ఆవకాయ మీద నూనె తేలి ఉండి, బూజు లేకపోతే హాయిగా తినొచ్చు. ఫ్రిజ్ నడుస్తూ వదిలేసి వెళ్ళి ఉంటే లోపలి వాటిని నమ్మకండి, ఎన్నిసార్లు కరెంటు పోయి కరిగి గడ్డకట్టాయో తెలియదు. ఇన్సులిన్ ఉంటే అసలే వద్దు. ఆపి తలుపు మూసి వెళ్ళి ఉంటే, లీటరు గోరువెచ్చని నీళ్ళలో రెండు టేబుల్ స్పూన్ల వంటసోడా కలిపి తలుపు రబ్బరు మడతల లోపల కూడా తుడవండి, సగం రోజు ఖాళీగా నడిపాక సామాన్లు పెట్టండి.

ఒంటి సంగతి

చల్లటి ఊళ్ళో నెల దాటి ఉంటే ఒంటికి ఎండ అలవాటు తప్పుతుంది. మళ్ళీ అలవాటు కావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మార్చి నుంచి జూన్ మధ్య తిరిగొచ్చేవాళ్ళు మొదటి వారం పదకొండు నుంచి నాలుగు దాకా బయటి పనులు పెట్టుకోవద్దు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ దాహం వేయకపోయినా తాగుతుండాలి. బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్ర వాడుతుంటే, గుండె, కిడ్నీ జబ్బులుంటే, ఎండల్లో మోతాదు గురించి, నీళ్ళ గురించి, ఉప్పు గురించి డాక్టరుని ముందే అడగండి.

కాలిఫోర్నియా నుంచి వస్తే టైములో తేడా పన్నెండున్నర, పదమూడున్నర గంటలు, అంటే పగలూ రాత్రీ పూర్తిగా తారుమారు. ఉదయం ఎండలో అరగంట నడవడం, మధ్యాహ్నం కునుకు అరగంట దాటనివ్వకపోవడం, ఈ రెండూ చేస్తే త్వరగా సర్దుకుంటుంది. మొదటి రెండు మూడు రోజులు కారు నడపొద్దు. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళు ఏ వేళకి ఎంత అన్నది బయల్దేరకముందే రాయించుకోవాలి.

బండి మీద ఇడ్లీ చట్నీ కోసం నోరూరుతుంది. ఒక్క వారం ఆగండి. వేడివేడి ఇడ్లీ ఫరవాలేదు, నీళ్ళు కలిపిన పచ్చి చట్నీతోనే కడుపు పాడవుతుంది.

బండ్లు, ఫోను

కారు తాళం తిప్పే ముందు బానెట్ ఎత్తండి. ఎలుక గూడు, కొరికిన వైర్లు ఉంటే స్టార్టు చేయకుండా మెకానిక్కుని ఇంటికే పిలవాలి. టైర్ల గాలి, ఇన్సూరెన్సు గడువు, పొల్యూషన్ సర్టిఫికెట్టు చూసుకోండి. వదిలేసి వెళ్ళిన పెట్రోలు ఇథనాల్ వల్ల తేమ పట్టి ఉంటుంది, ట్యాంకులో కొంచెమే ఉంటే కొత్త పెట్రోలు నింపితే సరిపోతుంది. హ్యాండ్‌బ్రేకు పట్టేసి ఉంటే బలవంతంగా లాగించొద్దు.

బ్యాంకుకి ఇచ్చిన నంబరు ప్రీపెయిడ్ అయితే ఇది అన్నిటికన్నా ముందు చూడాల్సింది. 90 రోజులు ఏ వాడకమూ లేని నంబరుని కంపెనీ ఆపేయవచ్చు. ఖాతాలో 20 రూపాయలు ఉంటే అవి కోసుకుని గడువు పొడిగిస్తారు. ఆగిపోయినా 15 రోజుల్లో అడిగితే అదే నంబరు ఇస్తారు, ఆ తర్వాత ఇంకొకరికి పోవచ్చు. అప్పుడు మీ ఓటీపీలూ వాళ్ళకే వెళ్తాయి కాబట్టి వెంటనే బ్యాంకుకి వెళ్ళి నంబరు మార్పించాలి. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. 80 దాటినవాళ్ళకి అక్టోబరు 1 నుంచే వీలుంది. ‘జీవన్ ప్రమాణ్’లో ఫోను కెమెరాకి ముఖం చూపించి ఇంట్లోంచే ఇవ్వొచ్చు, దానికి ఆధార్ నంబరు, పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డరు) నంబరు, పనిచేసే ఫోను నంబరు దగ్గర పెట్టుకోండి.